వారు వీరవుతారా?
బడి స్నేహాలను గురించి శాస్త్రం చెప్పేది

“ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు” అన్న సామెత తెలియని తెలుగు ఇల్లు ఉండదు. విన్నిపెగ్ చలికాలంలో, బయట సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన ఉన్న సాయంత్రం నలుగురు తెలుగువాళ్ళు ఒక ఇంట చేరితే, సంభాషణ ఉద్యోగాల మీదుగా, ఇండియా టిక్కెట్ల ధరల మీదుగా సాగి చివరకు పిల్లల దగ్గర ఆగుతుంది. “మావాడు మంచివాడేనండీ, స్నేహాలే చెడగొట్టాయి” అని ఒక్కరైనా అనక మానరు. ఆ స్నేహితుని తల్లి కూడా మరొక ఇంట ఇదే మాట అంటూ ఉండవచ్చునన్నది మాత్రం మనకు తట్టదు.

నేను రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. మనస్తత్వ శాస్త్రం నా రంగం కాదు. అయినా మా అమ్మాయి ఏడవ తరగతిలో ఉండగా మా ఇంట జరిగిన ఒక సంగతి వల్ల, సమవయస్కుల ప్రభావంపై ఇతరులు చేసిన పరిశోధనలను కొంత ఓపికతో చదవవలసి వచ్చింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందు ఒక చిక్కు తీర్చుకోవాలి. ఇద్దరు స్నేహితుల నడవడి ఒకే తీరుగా ఉన్నదంటే ఒకరినుండి ఒకరు నేర్చుకున్నారనా, లేక మొదటినుండీ ఒకే తీరువారు కనుక ఒకరినొకరు వెదుక్కున్నారనా? రెండు సీసాలలోని ద్రవాలు ఒకే రంగులో ఉన్నంత మాత్రాన ఒకదానిలోనిది మరొకదానిలోకి ఒలికిందని ప్రయోగశాలలో ఎవరూ ఒప్పుకోరు. డెనీస్ కాండెల్ అనే పరిశోధకురాలు న్యూయార్క్ రాష్ట్రంలోని ఉన్నత పాఠశాలల విద్యార్థులను విద్యాసంవత్సరం మొదట ఒకసారి, చివర ఒకసారి ప్రశ్నించి, 1978లో తన ఫలితాలను ప్రకటించింది. ఎంపికకూ ప్రభావానికీ దాదాపు సమానమైన వాటా ఉన్నదని తేలింది. అంటే మన సామెత సగం నిజం. వారు వీరయ్యారన్నది ఎంత నిజమో, తమవంటి వారినే వీరు ఎంచుకున్నారన్నదీ అంతే నిజం.

ఎంపికను పూర్తిగా తొలగించి చూడాలంటే స్నేహితులను చీటీలు వేసి పంచాలి. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో దాదాపు ఆ పనే జరిగింది. అక్కడ కొత్త విద్యార్థులకు గదిలో తోడెవరో వారి ఇష్టంతో కాక యాదృచ్ఛికంగా నిర్ణయించేవారు. ఆర్థిక శాస్త్రజ్ఞుడు బ్రూస్ సాసర్డోట్ ఆ వివరాలను పరిశీలించి 2001లో ప్రచురించాడు. గదిలో తోటివాని ప్రభావం మార్కులపై కొంత కనిపించింది. విద్యార్థి సంఘాలలో చేరడంపైనా కనిపించింది. ప్రధాన పాఠ్యాంశం ఎంచుకోవడంలో మాత్రం కనిపించలేదు. ఇంజనీరింగు వదలి సినిమా చదువు చదువుతానన్న కొడుకు సంగతిలో వాని గదిలో తోటివాణ్ణి తిట్టుకునే తండ్రులు దీనిని గమనింతురు గాక.

మన గ్రామాలలోనే జరిగిన ప్రయోగం ఇంకొకటి ఉన్నది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు 2008 నుండి నాలుగేళ్ళపాటు ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాలలో 180 గ్రామాలను పరిశీలించారు. లాటరీ ద్వారా సగం గ్రామాలను, ఆ గ్రామాలలో మళ్ళీ లాటరీ ద్వారా కొందరు పిల్లలను ఎంచి, ప్రభుత్వ బడినుండి ప్రైవేటు బడికి వెళ్ళే ఖర్చు భరించారు. ఇటువంటి సందర్భంలో ఇరువైపులా భయాలుంటాయి. “ఆ పిల్లలు వచ్చి కూర్చుంటే మా పిల్లల చదువు దెబ్బతింటుంది” అని ప్రైవేటు బడి తల్లిదండ్రులకు, “చురుకైనవారు వెళ్ళిపోతే మిగిలినవారు వెనుకబడతారు” అని ఇటువైపు వారికి. 2015లో ప్రచురించిన ఫలితాలలో ఈ రెండు భయాలకూ ఆధారం దొరకలేదు. ప్రక్క బల్లపై ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి మార్కులు పెరగడమో తరగడమో జరుగలేదు. మంచి బడి అంటే మంచివారి పిల్లలు చదివే బడి అని ఇళ్ళు కొనేటప్పుడు లెక్కలు వేసే మనకు ఇది కొంచెం ఆశ్చర్యం కలిగించే విషయమే.

మరి సహవాసం గట్టిగా పనిచేసేది ఎక్కడ? సాహసాలలో ఒకటి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ జరిపిన ప్రయోగంలో కంప్యూటరుపై కారు నడిపే ఆట ఆడించారు. పదమూడు నుండి పదహారేళ్ళవారు స్నేహితులు చూస్తుండగా ఆడినప్పుడు, ఒంటరిగా ఆడినప్పటికంటే ఎంతో ఎక్కువగా ప్రమాదానికి తెగించారు. ఇరవై నాలుగేళ్ళు దాటినవారిలో అటువంటి మార్పు లేదు. మంచు గడ్డకట్టిన మన రోడ్లపై కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లవాని కారులో నలుగురు మిత్రులు ఎక్కుతున్నప్పుడు ఈ ప్రయోగం నాకు గుర్తుకు వస్తుంది.

రెండవది భాష. ఇక్కడ సహవాసానికి తిరుగు లేదు. జూడిత్ రిచ్ హారిస్ అనే అమెరికన్ విదుషిని డాక్టరేటుకు తగదని 1960లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పంపివేసింది. ఆ లేఖపై సంతకం జార్జ్ మిల్లర్ అనే ఆచార్యునిది. ఆమె ఇంటివద్దనే పాఠ్యపుస్తకాలు వ్రాసుకుంటూ, పిల్లల నడవడిని తీర్చిదిద్దేది తల్లిదండ్రులకంటే తోటి పిల్లల గుంపేనని వాదిస్తూ 1995లో ఒక సుదీర్ఘ వ్యాసం ప్రకటించింది. దానికి లభించిన బహుమతి పేరు జార్జ్ మిల్లర్ పురస్కారం! ఆమె వాదాన్ని పూర్తిగా అంగీకరించనివారు చాలామంది. ఇల్లు అంత అప్రధానమంటే నేనూ నమ్మలేను. కాని ఆమె చూపిన ఒక సాక్ష్యానికి జవాబు లేదు. వలస వచ్చినవారి పిల్లలు తల్లిదండ్రుల యాసలో మాట్లాడరు, వీధిలోని పిల్లల యాసలో మాట్లాడతారు.

ఈ దేశంలోనే మరొక నిదర్శనం ఉన్నది. 1965లో మాంట్రియల్ శివారులోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు కుటుంబాల పిల్లలకు ఫ్రెంచి మాధ్యమంలో చదువు ప్రారంభించారు. మాక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ లాంబర్ట్ ఆ పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. వారు ఫ్రెంచి చక్కగా అర్థం చేసుకున్నారు, చదివారు; మాట మాత్రం పుట్టు ఫ్రెంచివారి మాటలా రాలేదు. తరగతిలో ఫ్రెంచి మాతృభాషగా గలవారు ఉపాధ్యాయులే. విరామం గంట కొట్టగానే పిల్లల మధ్య ఇంగ్లీషే నడిచేది. మన ఆదివారం తెలుగు తరగతి బయట వరండాలో ఒక్క నిమిషం నిలబడి వినండి, ఇదే వినిపిస్తుంది. లోపల గుణింతాలు, బయట హాకీ.

మా అమ్మాయి తొమ్మిదేళ్ళ వయసు వచ్చేసరికి మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది. బుజ్జగించాము, కోప్పడ్డాము, ఫలితం లేదు. ఆ వేసవి తెనాలిలో మా అక్కయ్య ఇంట ఆరు వారాలు ఉంచాము. అక్కయ్య పిల్లలు ముగ్గురు, వీధిలోని పిల్లలు అరడజను. మూడవ వారానికి ఫోనులో “నాన్నా, ఆగు, నేను అవుటవ్వలేదు, వీడు తొండి చేస్తున్నాడు” అని వినిపించింది. నాలుగేళ్ళ మా శ్రమ తేలేని మాట! విన్నిపెగ్‌కు తిరిగివచ్చాక అక్టోబరు నాటికి అది మళ్ళీ సన్నగిల్లింది.

ఆ తెనాలి ఇంట నా చిన్ననాట మా నాయనమ్మ గదిలో ఎండుగడ్డి పరచి మామిడికాయలు మాగవేసేది. మాగిన పండొకటి చేర్చితే మిగిలినవి త్వరగా మాగుతాయని ఆమెకు తెలుసు. పండు విడిచే ఎథిలీన్ వాయువే దానికి కారణం. మొక్కలు స్వయంగా ఈ వాయువును తయారుచేస్తాయని 1934లో రిచర్డ్ గేన్ నిరూపించాడు. పండును మాగించేదీ, ఆగకుండా కుళ్ళు దాకా తీసుకుపోయేదీ ఆ ఒక్క వాయువే. తల్లిదండ్రులకు కుళ్ళు వాసన ముందు తగులుతుంది.

ఇక ఏడవ తరగతి సంగతి. ఆ ఏడు అమ్మాయి మార్కులు తగ్గాయి, మాటలు తగ్గాయి. అప్పుడే ఆమెకు ఒక కొత్త స్నేహితురాలు ఏర్పడింది. జుట్టుకు నీలిరంగు, చిరిగిన జీన్సు, ఇంటిపనిపై శ్రద్ధ తక్కువని వినికిడి. నేను రెండు విషయాలనూ కలిపి లెక్క తేల్చాను. “ఆ అమ్మాయితో తిరగడం మానెయ్యి” అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. మా ఆవిడ “కొంచెం ఆగి కనుక్కోండి” అన్నది, నేను ఆగలేదు.

రెండు నెలల తరువాత ఉపాధ్యాయురాలిని కలిసినప్పుడు అసలు విషయం తెలిసింది. శరదృతువు మొదలైన నాటినుండి మధ్యాహ్న భోజనం వేళ ఇంగువ వాసన వేసే పులిహోర డబ్బా చూసి కొందరు పిల్లలు ముక్కులు మూసుకునేవారట. మా అమ్మాయి డబ్బా చెత్తబుట్టలో ఖాళీ చేసి ఆకలితో మధ్యాహ్నం తరగతులలో కూర్చునేదట. ఒకనాడు ఆ నీలిజుట్టు పిల్ల వచ్చి ప్రక్కన కూర్చుని, డబ్బా తన వైపు లాక్కుని, సగం తిని, “మీకు తెలియదు, ఊరుకోండి” అన్నదట. అక్కడితో ఆగిపోయింది.

టొరంటో బడుల ఆటస్థలాలలో చిత్రీకరించి డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ మొదలగువారు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు ఒకరినొకరు వేధించే సంఘటనలలో 88 శాతం తోటి పిల్లల సమక్షంలోనే జరిగాయి. వారిలో ఎవరైనా అడ్డుకున్నప్పుడు 57 శాతం సందర్భాలలో పది సెకండ్లలోనే వేధింపు ఆగిపోయింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు, 1950ల్లో, సాలొమన్ యాష్ గీతల పొడవు పోల్చే ప్రసిద్ధ ప్రయోగంలో కూడా ఇటువంటిదే గమనించాడు. గుంపు అంతా తప్పు చెబుతుంటే నాలుగింట మూడువంతుల మంది ఒక్కసారైనా దానికి లొంగారు. నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే తప్పు జవాబులు నాలుగోవంతుకు పడిపోయాయి.

నేను మాన్పించినది సరిగ్గా ఆ ఒక్క తోడును. మార్కులు తగ్గించింది స్నేహితురాలు కాదు, ఆకలి. ఆకలి పోగొట్టింది స్నేహితురాలు. ఇంటికి వచ్చి “నాకెందుకు చెప్పలేదమ్మా?” అని అడిగాను. “నువ్వు అడగలేదు కదా నాన్నా” అని ఇంగ్లీషులో అన్నది.

ఆ వారమే నేను కారులో వెళ్ళి ఆ పిల్ల తల్లిని కలిసి, కూతురిని మా ఇంటికి పంపమని కోరాను. జరిగినది చెప్పడం నాకు సులభంగా లేదు. ఇప్పుడు ఇద్దరూ పదవ తరగతిలో ఉన్నారు. ఆ అమ్మాయి జుట్టు ప్రస్తుతం ఆకుపచ్చ. మా భోజనాల బల్ల దగ్గర ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట “ఇంకొంచెం”. ఆమెకు అర్థం కావాలని మా అమ్మాయి ఒక్కొక్క వంటకాన్నీ తెలుగులో పలికి, రెండోసారి నెమ్మదిగా పలుకుతుంది.