దీవులలో జనగణన - మనకు నేర్పే పాఠం

విజయదశమి రాత్రి దేవరగట్టు కొండను చూచినవారికి ఒక ప్రశ్న తోచక మానదు. మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవానికి నెరణికి, నెరణికి తండా, కొత్తపేట మొదలైన గ్రామాలవారే కాక, ఆలూరు, ఆదోని ప్రాంతాల నుండియు, సరిహద్దుకు ఆవలనున్న కర్ణాటక పల్లెల నుండియు వేలాది జనం చేరుకుంటారు. కాగడాల వెలుగులో కొండ అంతా మనుషులే. కొద్ది దినాలు గడచిన పిదప అక్కడికే పోయి చూచినచో బండరాళ్లు, పొదలు, నిశ్శబ్దం తప్ప మరేమియు కానరాదు. ఆ కొండ జనాభా ఎంత అని ఎవరైనా అడిగినచో మనం ఏ రాత్రి లెక్కను చెప్పవలెను?

ఇది వినోదానికి వేసిన ప్రశ్న కాదు. మనిషిని ఎక్కడ లెక్కింపవలెను, ఎప్పుడు లెక్కింపవలెను, ఎవరు చెప్పిన మాటను వ్రాసుకొనవలెను అను మూడు చిక్కులు జనగణన శాస్త్రంలో మొదటి నుండియు ఉన్నవి. ఈ చిక్కులు స్పష్టంగా కనిపించే చోటు దీవి. మన దేశానికి చెందిన దీవుల జనాభా లెక్కలను పరిశీలించి, వాటి నుండి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల విద్యార్థులు నేర్చుకొనదగిన దానిని చెప్పుటయే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

మర్దుమ్‌షుమారీ

జనగణనను ఉర్దూలో మర్దుమ్‌షుమారీ అంటారు. మర్దుమ్ అనగా మనుషులు. షుమారీ అనగా లెక్కించుట. దేశమంతటా ఒకే కాలంలో జనాభా లెక్కలు తీయుట 1881లో ఆరంభమైనది. నాటి నుండి 1931 వరకు ఒకే రాత్రి దేశమంతటా లెక్క సరిచూచేవారు. లాంతరు పట్టుకొని వీధి వీధి తిరుగవలసిన పని గనుక వెన్నెల రాత్రిని ఎన్నుకొనేవారు. పెద్ద పండుగలు, జాతరలు, పెండ్లి ముహూర్తాలు లేని తేదీని చూచేవారు. జాతర రాత్రి లెక్క తీసినచో ఊళ్లు ఖాళీగాను, దేవరగట్టు వంటి కొండలు పట్టణాలుగాను తేలుతాయని వారికి తెలుసు.

1941 నుండి ఒక రాత్రి పద్ధతి పోయి కొన్ని దినాల వ్యవధి వచ్చినది. 2011లో ఫిబ్రవరి 9 నుండి 28 వరకు గణకులు ఇంటింటికి తిరిగినారు. ఆ ఇరువది దినాలలో కొంతకాలమైనా తన ఇంట ఉన్న వ్యక్తిని ఆ ఇంటి లెక్కలోనే వ్రాసినారు. ఆ కాలమంతా ఇంటికి దూరంగా ఉన్నవారిని వారు ఉన్నచోటనే లెక్కించినారు. ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి వారు పండుకొన్న చోటికి పోయి లెక్కించినారు. మార్చి 1 నుండి 5 వరకు మరల తిరిగి, ఈ నడుమ పుట్టినవారిని చేర్చి, మరణించినవారిని తీసివేసినారు. ఈ నియమాన్ని బట్టి, ఒక రాత్రి ఉత్సవానికి పోయి వచ్చినవారు తమ తమ ఊళ్ల జనాభాయే గాని కొండ జనాభా కాదు.

నీటి నడుమ లెక్క

దీవికి ఒక సౌలభ్యం కలదు. దాని సరిహద్దును సముద్రమే గీసినది. ప్రభుత్వ ఉత్తరువుతో అది మారదు. మన ఆదోని సంగతి అట్లు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడువరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండినవి. కనుక 1901లో ఆదోని పట్టణ జనాభా 30,416 అని తెలుసుకొనదలచినవారు కర్నూలు సంపుటం గాక బళ్లారి సంపుటం తెరవవలెను. 2011లో ఈ పట్టణ జనాభా 1,66,344. ఈ రెండు అంకెలను పోల్చునపుడు జిల్లా మారినదనియు, పట్టణపు ఎల్లలు పెరిగినవనియు మరువరాదు.

దీవుల లెక్కలో ఈ చిక్కు లేదు. అండమాన్ నికోబార్ దీవులు వందల సంఖ్యలో ఉన్నను మనుషులు నివసించేవి నలుబదికి లోపే. 1901లో అక్కడి మొత్తం జనాభా 24,649. అప్పుడది ఖైదీల దీవి. వేయిమంది పురుషులకు స్త్రీలు 318 మంది మాత్రమే. ఆ ఒక్క అంకెను చూచినచో చాలును, ఆ ఊరు సంసారాలతో వెలసినది కాదని తెలిసిపోతుంది. 2011 నాటికి స్త్రీల సంఖ్య వేయికి 876కు చేరినది.

మరియొక అంకెను గమనింపుడు. 1941లో 33,768గా ఉన్న జనాభా 1951 నాటికి 30,971కి తగ్గినది. ఈ నడుమ 1942 నుండి 1945 వరకు ఆ దీవులు జపాను సైన్యం వశంలో ఉండినవి. పిదప తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకులకు, ఇతర ప్రాంతాల వారికి అక్కడ నివాసాలు కల్పించినందున 1961కి జనాభా 63,548కి పెరిగి, పది సంవత్సరాలలో రెట్టింపుకు మించినది. 2011లో అది 3,80,581. యుద్ధం, దేశ విభజన, వలస, ఈ మూడును ఆ అంకెల వరుసలో కనిపిస్తున్నవి.

తగ్గిన అంకెల కథ

పెరిగిన అంకెల కంటె తగ్గిన అంకెలే ఎక్కువ చెబుతాయి. 1858లో ఖైదీల స్థావరం ఏర్పడిన తరువాత గ్రేట్ అండమానీయులు అను ఆదివాసులకు బయటివారి నుండి తట్టు మొదలైన వ్యాధులు సోకినవి. 1901 లెక్కలో వారు 625 మంది, 1911లో 455, 1921లో 209, 1931లో 90, 1961లో 19. ఒక జాతి కరగిపోవుటను పది పది సంవత్సరాలకు ఒక్క పంక్తిగా వ్రాసిపెట్టిన పట్టిక ఇది. ఈ పట్టికయే లేనిచో వారి నష్టం ఎంతటిదో లోకం గుర్తించి ఉండేది కాదు. 2011లో వారు 44 మంది.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తరువాతి మాట కూడ ఇట్టిదే. 2001లో నికోబార్ జిల్లా జనాభా 42,068. 2011లో 36,842. సహజంగా పెరుగవలసిన అంకె అయిదు వేలకు పైగా తగ్గినది.

ఇట్టి తగ్గుదల మన ప్రాంతానికి తెలియనిది కాదు. 1876-78 నాటి మహాక్షామం తరువాత తీసిన 1881 లెక్కలో బళ్లారి జిల్లా జనాభా 1871 కంటె సుమారు ఐదవ వంతు తగ్గి కనిపించినది. ఆ తగ్గినవారిలో మన ఆదోని, ఆలూరు తాలూకాల పూర్వీకులు కూడ ఉన్నారు. వారి పేర్లు మనకు తెలియవు. వారు లేరన్న సంగతి మాత్రం లెక్కలో మిగిలినది.

అయితే ప్రతి అంకెను ఒకే విధంగా నమ్మరాదు. ఉత్తర సెంటినల్ దీవిలోని ఆదివాసులను 2001లో 39 మందిగాను, 2011లో 15 మందిగాను నమోదు చేసినారు. ఆ దీవిలో అడుగుపెట్టుట నిషిద్ధం. గణకులు దూరాన పడవలో ఉండి, ఒడ్డున కనిపించినవారిని లెక్కించినారు. కావున ఆ 15 అను అంకె దీవిలో ఉన్నవారి సంఖ్య కాదు. ఆనాడు కంటికి కనిపించినవారి సంఖ్య. ఉన్నవారు వేరు, కనిపించినవారు వేరు. ఈ భేదాన్ని విద్యార్థులు మనసులో ఉంచుకొనవలెను. దీని అవసరం ముందు రానున్నది.

తల్లి మాట ఏది?

జనగణన పత్రంలో మతం ఒక గడి, మాతృభాష వేరొక గడి. ఈ రెండింటిని కలుపరాదని బోధించుటకు లక్షద్వీపాన్ని మించిన ఉదాహరణ లేదు. 2011లో అక్కడి జనాభా 64,473. వారిలో నూటికి 96 మందికి పైగా ముస్లిములు. ఐనను వారి మాతృభాష ఉర్దూ కాదు. మినికాయ్ దీవిలో మహల్ భాష, తక్కిన దీవులలో మలయాళం. అక్కడి బిత్రా దీవి జనాభా 271 మాత్రమే. మన పల్లెలలో ఒక వీధికి మించని ఆ దీవికి కూడ లెక్కల పుస్తకంలో ప్రత్యేకంగా ఒక వరుస ఉన్నది.

అండమాన్‌లో తెలుగువారి సంగతి మరియొక ఉదాహరణ. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి బ్రతుకుతెరువుకై పోయినవారు అక్కడ ఎందరో ఉన్నారు. 2011 లెక్కలో అక్కడి జనాభాలో నూటికి 13.24 మంది, అనగా సుమారు 50 వేలమంది, తెలుగు తమ మాతృభాష అని వ్రాయించినారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాల్గవ స్థానం తెలుగుది. పాఠశాలలో తెలుగు మాధ్యమం కావలెనని వారు అడుగునపుడు వారి చేతిలోని ఆధారం ఈ అంకెయే.

ఒకనాడు తరగతిలో మేము విద్యార్థులకు చిన్న చీటీలు ఇచ్చి మాతృభాష వ్రాయమన్నాము. ముస్లిం విద్యార్థులందరును ఉర్దూ అని వ్రాసినారు. “మీ అమ్మ మిమ్ములను అన్నానికి ఏ భాషలో పిలుస్తుంది?” అని పిదప అడిగినాము. కొందరు నవ్వుకొని చీటీలు తిరిగి అడిగి తీసుకొన్నారు. వారిలో దూదేకుల కుటుంబాల పిల్లలు ఉన్నారు. వారి ఇండ్లలో తరతరాలుగా తెలుగే. కర్ణాటక సరిహద్దు గ్రామాల నుండి వచ్చిన ఒక హిందూ విద్యార్థి తెలుగు అని వ్రాసినదానిని కొట్టివేసి కన్నడం అని వ్రాసినాడు.

చిన్నతనంలో తల్లి తనతో మాట్లాడిన భాషయే మాతృభాష అని జనగణన నిర్వచనం. తల్లి పసితనంలోనే పోయినచో ఆ ఇంట ప్రధానంగా మాట్లాడిన భాషను వ్రాయవలెను. తెలిసిన ఇతర భాషలకు వేరే గడి ఉన్నది. మదరసాలో గాని, బడిలో గాని నేర్చిన భాషను అక్కడ చెప్పవచ్చును. ఉర్దూ మాట్లాడే ఇంటివారు ఉర్దూ అనియే వ్రాయించవలెను. తెలుగు మాట్లాడే ముస్లిం ఇంటివారు తెలుగు అని వ్రాయించుటకు సంకోచింపరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి చట్ట సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటికి రెండవ అధికార భాష అయినది. ఏ ఊరిలో ఎందరు ఉర్దూ ఉపాధ్యాయులు కావలెనో నిజమైన అంకె చెప్పవలెను గాని, అభిమానం చెప్పరాదు. మతం చూచి మాతృభాషను ఊహించి వ్రాసే గణకుడును, అడుగకముందే ఊహను ఒప్పుకొనే గృహస్థుడును సమానంగా తప్పు చేసినవారే.

సుగ్గికి పోయినవారి ఇల్లు

ఆ దినమే హొళగుంద వైపు నుండి వచ్చే ఒక విద్యార్థి తరగతి ముగిసిన పిదప మా వద్దకు వచ్చి, “సార్, మా అమ్మా నాయనా సంక్రాంతి కాగానే గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి పోతారు. ఉగాదికి గాని రారు. ఫిబ్రవరిలో వాళ్లను ఎక్కడ లెక్కపెడతారు?” అని అడిగినాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము. నియమం తెలియక కాదు. పైన చెప్పిన నియమం ప్రకారం, ఆ ఇరువది దినాలును ఊరిలో లేనివారిని వారు ఉన్నచోటనే లెక్కింపవలెను. అనగా పరాయి జిల్లాలో పొలం గట్టున వేసుకొన్న గుడిసెకు అక్కడి గణకుడు పోవలెను. పోయినచో వారు అక్కడి జనాభా. పోనిచో వారు ఎక్కడా లేరు. ఇక్కడ ఇంటికి తాళం. అక్కడ గుడిసెకు నంబరు లేదు. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు పల్లెల నుండి ప్రతి సంవత్సరం సుగ్గికి పోయే కుటుంబాలను తలచినచో, సెంటినల్ దీవి మనకు అంత దూరాన లేదని తెలుస్తుంది. చుట్టును నీరు లేకున్నను వారును దీవులలోని వారే. వారు ఉన్నారు, కనిపించరు.

కనిపించనందువలన నష్టం చిన్నది కాదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం క్రింద రేషను పొందదగినవారి సంఖ్యను 2011 జనాభా లెక్కలను బట్టియే నిర్ణయించినారు. బడి గదులు, ఆసుపత్రి మంచాలు, శాసనసభ స్థానాల విభజన కూడ లెక్కలో చేరిన తలలను బట్టియే సాగుతాయి.

రాబోయే లెక్క

2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడినది. 2025 జూన్ 16న వెలువడిన ప్రకటన ప్రకారం రాబోయే లెక్కకు మార్చి 1, 2027 ప్రామాణిక దినం. ఇండ్ల జాబితాకు 2026 ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు, జనుల లెక్కకు 2027 ఫిబ్రవరి నిర్ణయమైనవి. గణకులు కాగితానికి బదులు ఫోనులో వివరాలు నింపుతారు. 1931 తరువాత మొదటిసారిగా అన్ని కులాలను నమోదు చేస్తారు.

మన స్త్రీలలో కొందరు పరాయివారికి వివరాలు చెప్పుటకు జంకుతారు. వారికి విద్యార్థులు చెప్పదగిన మాటలు రెండు ఉన్నవి. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఇంటింటి జవాబులు రహస్యం. వాటిని న్యాయస్థానంలో సాక్ష్యంగా చూపుటకు వీలులేదు. ఇంటి స్త్రీల పేర్లు చెప్పితీరవలెనని గాని, ఆచారం అడ్డు వచ్చునపుడు భర్త పేరు చెప్పితీరవలెనని గాని ఆ చట్టమే ఒత్తిడి చేయదు.

విద్యార్థి మిత్రులను మేము కోరునది స్వల్పం. మీ ఇంట గణకుడు అడుగునపుడు ప్రక్కన కూర్చుండి, మాతృభాష గడిలో అమ్మ మాట్లాడే భాషను వ్రాయించండి. మీ వీధిలో తాళం వేసిన ఇండ్లను చూపి, ఆ ఇంటివారు ఏ ఊరికి, ఏ నెలలో పోయినారో చెప్పండి. సుగ్గికి పోయే తల్లిదండ్రులకు, తాము ఉన్నచోట గణకుని తామే అడిగి వ్రాయించుకొనుటకు తమకు హక్కు ఉన్నదని బయలుదేరుటకు ముందే తెలుపండి. కళాశాల సంఘం పెద్దలు ఇందుకై ఆ జనవరిలో ఒక దినం కేటాయించి, పల్లెల నుండి వచ్చే విద్యార్థులకు ఈ విషయాలు బోధించే ఏర్పాటు చేసినచో మేలు కలుగుతుంది.

ఆ హొళగుంద విద్యార్థికి మేము మరునాడు జవాబు చెప్పినాము: “నీ తల్లిదండ్రులను ఎక్కడైనా ఒక్కచోట లెక్కిస్తారు. ఆ ఒక్కచోటు తప్పిపోకుండ చూచుకొనవలసినవాడవు నీవే.” 271 మంది ఉన్న బిత్రాకు పుస్తకంలో ఒక వరుస దొరికినది. అతని తల్లిదండ్రులకును ఒక గడి దొరుకవలెను.