ఆఫ్టర్ షేవ్: మండితేనే మంచిదా?

గడ్డం గీసుకున్నాక ఆఫ్టర్ షేవ్ లోషన్ అరచేతిలో ఒంపుకుని చెంపలకు అద్దితే భగ్గుమనాలి, ఘుమఘుమలాడాలి. మంచి లోషన్‌కు చాలామంది పెట్టుకున్న కొలమానాలు ఈ రెండే. మండిందంటే క్రిములు చస్తున్నాయని, మండకపోతే అది ఉత్త నీళ్లేనని నమ్మకం. ఈ రెండు కొలమానాలూ మనల్ని తప్పుదోవ పట్టిస్తున్నాయని నా వాదన. లోషన్ నాణ్యత రాసుకున్న క్షణంలో తేలేది కాదు. నాలుగైదు గంటలు గడిచాక చర్మం బిగుసుకుపోయిందా, దురద పెడుతోందా, ఎర్రబడిందా, ఏమీ లేకుండా మామూలుగా ఉందా అన్నదాన్నిబట్టి తేలుతుంది.

బ్లేడు ఒక్క వెంట్రుకనే తీసుకుపోదు. చర్మానికి అన్నిటికన్నా పైనుండే పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూఇటూ ఉంటుంది. ఎండిన కణాలు, వాటి సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన పల్చని జిడ్డు, ఇదీ ఆ పొర. ఒంట్లోని తేమ ఆవిరైపోకుండా, బయటి చికాకు పదార్థాలు లోపలికి దిగకుండా కాపాడేది అదే. గడ్డం గీసినప్పుడల్లా అందులో కొంత బ్లేడుతోపాటే లేచి వచ్చేస్తుంది. నున్నగా రావాలని ఒకేచోట మళ్లీ మళ్లీ లాగితే ఇంకా ఎక్కువ పోతుంది. దీనికి సబ్బు తోడు. చర్మం స్వభావం కాస్త ఆమ్లం, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు నురగ 9, 10 దగ్గర ఉండే క్షారం. అది మురికితోపాటు ఆ జిడ్డునూ కడిగేస్తుంది. అంటే షేవింగ్ అయిన ముఖం తేమనూ జిడ్డునూ పోగొట్టుకుని ఉంది. వాటిని తిరిగి ఇచ్చేదే దానికి మంచి లోషన్.

మరి మంట సంగతేమిటి? దీనికి జవాబు మిరపకాయలో దొరికింది. మిరపలోని కాప్సైసిన్ తగిలితే స్పందించే గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకోవడానికి దారితీసిన పని అది. గుంటూరు మిరపకాయ కొరికినప్పుడు నాలుకను మండించే ఆ గ్రాహకమే చర్మంలోని నరాల కొసల్లోనూ ఉంటుంది. వేడి 43 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరితే ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పంపడం దాని ఉద్యోగం. ఆల్కహాల్ సోకితే ఆ హద్దు 34 డిగ్రీల దాకా దిగిపోతుంది. ఇక ఒంటి వేడే దానికి నిప్పులా తోస్తుంది. కాబట్టి మంట చెప్పేది క్రిముల చావు గురించి కాదు, పైపొర చిరిగిన చోట ఆల్కహాల్ నరాల దాకా దిగిందని. మెంథాల్ చల్లదనమూ ఇలాంటిదే. అది చలిని పసిగట్టే వేరే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, అంతే. చర్మానికి దానివల్ల మరమ్మతేమీ జరగదు.

అయినా గాట్లు పడ్డ ముఖానికి క్రిమి సంహారం అక్కర్లేదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో ఆక్వా వెల్వా 1917లోనూ, మగవాళ్ల ఓల్డ్ స్పైస్ 1938లోనూ వచ్చాయి. పెన్సిలిన్ ఇంకా మామూలు జనానికి అందని రోజులవి. చిన్న గాటు చీము పట్టినా భయపడాల్సిన కాలంలో స్పిరిట్ లాంటి లోషన్ మీద గురి కుదరడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆల్కహాల్ క్రిములను నమ్మకంగా చంపాలంటే కనీసం 60 శాతం ఉండాలి, ఇరవై సెకన్లయినా తడిగా నిలవాలి. రెండు చుక్కలు చెంపకు అద్దితే అంతసేపు నిలవదు. పైగా అసలు ప్రమాదం బ్లేడు దగ్గరుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట ఏడు రోజులైనా బతికి ఉండగలదు. ఒకరికి వాడిన బ్లేడుతో మరొకరికి గీశాక పైన ఎంత ఘాటైన లోషన్ పూసినా, గాటు గుండా రక్తంలో కలిసినదాన్ని అది వెనక్కి తేలేదు. సెలూన్‌లో కుర్చీ ఎక్కగానే కొత్త బ్లేడు వేయించుకోవడమే అక్కడ పనికొచ్చే జాగ్రత్త.

మన సెలూన్లలో ఏనాటినుంచో ఉన్న పటిక గురించీ ఇక్కడే చెప్పాలి. పటిక అంటే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. తడి ముఖం మీద రుద్దితే గాటు దగ్గరి ప్రొటీన్లను గడ్డకట్టించి రక్తం చుక్కను ఆపుతుంది. ఆ పని అది బాగా చేస్తుంది. కానీ తేమనివ్వదు, చర్మాన్ని బిగిస్తుంది కూడా. గాటు పడిన చోట మాత్రం అద్ది, కాసేపాగి కడిగేసుకుని, ఆపైన లోషన్ రాసుకోవడం మేలు. ఒకే పటిక బిళ్లను పదిమంది ముఖాలకు రుద్దడం మాత్రం మానాలి. ఒకరి నెత్తురు మరొకరి గాటుకు అంటే దారి అదే. పదో ఇరవయ్యో పెడితే ఎవరి బిళ్ల వారికి దొరుకుతుంది.

సీసా కొనేముందు ముందువైపు ఓడ బొమ్మను, గుర్రం బొమ్మను వదిలేసి వెనక్కి తిప్పాలి. మన దేశ నిబంధనల ప్రకారం ఒక శాతం మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా ముద్రించాలి. కాబట్టి మొదటి నాలుగైదు పేర్లలోనే చాలావరకు సంగతి తెలిసిపోతుంది. నీటికన్నా ముందు ‘ఆల్కహాల్ డీనేచర్డ్’ కనిపిస్తే, వెంటనే ‘పర్‌ఫ్యూమ్’ వస్తే అది ప్రధానంగా సెంటు. నీటి వెంటే గ్లిసరిన్ కనిపిస్తే మంచి గుర్తు, గాలిలోని, లోపలి పొరల్లోని తేమను అది పైపొరలో పట్టి ఉంచుతుంది. పాంథెనాల్, అల్లంటాయిన్, నియాసినమైడ్, సెరమైడ్లు ఉంటే ఇంకా మేలు. ‘సెటైల్ ఆల్కహాల్’, ‘సెటియరైల్ ఆల్కహాల్’ చూసి బెదరనక్కర్లేదు. అవి మైనంలాంటి కొవ్వు పదార్థాలు, చర్మాన్ని మెత్తబరుస్తాయి. గ్లిసరిన్ ఖరీదైన సరుకేమీ కాదు గనక మంచి లోషన్‌కు పెద్ద ధర పెట్టి తీరాలని కూడా లేదు.

ఇంత తేమ, ఇంత జిడ్డు విజయవాడ ఉక్కపోతలో ఎవరు భరిస్తారు అన్నది మరో అభ్యంతరం. నిజమే, చలిదేశాల కోసం చేసిన చిక్కటి బామ్ మే నెలలో ముఖం మీద జిగటగా కూర్చుంటుంది. దానికి విరుగుడు పల్చని లోషనో జెల్లో వాడటం. అందులో నూనెలు తక్కువ, గ్లిసరిన్ కొద్దిగా, ఆరడానికి సాయపడే ఆల్కహాల్ చివరన కాస్త ఉన్నా పెద్ద తప్పులేదు. జిడ్డు చర్మం గలవారికి, బ్లేడు మంట ఎరగనివారికి పాత రకం లోషన్ కూడా హాని చేయకపోవచ్చు. డిసెంబరులో ఆదిలాబాద్ చలికి, పగలంతా ఏసీ గదిలో కూర్చునేవారికి మాత్రం బామే సుఖం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సువాసన. సౌందర్య సాధనాల వల్ల వచ్చే అలర్జీలకు ముఖ్య కారణాల్లో అదొకటి. కడిగేసే సబ్బులో ఉన్న సెంటు వేరు, గీరుకుపోయిన చర్మం మీద రోజంతా ఉండిపోయే సెంటు వేరు. యూరప్‌లో 26 సువాసన పదార్థాల పేర్లను లేబుల్ మీద విడివిడిగా రాయాలన్న నియమం ఎన్నాళ్లనుంచో ఉంది. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. మన సీసాల మీద చాలాసార్లు ‘పర్‌ఫ్యూమ్’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. చామనఛాయ, నలుపు చర్మాలకు దీనివల్ల నష్టం ఎక్కువ. ఎర్రదనం తగ్గాక ఆ చోట నల్లమచ్చ మిగిలి నెలల తరబడి పోదు. శుద్ధి చేయని బెర్గమాట్ నూనెలోని బెర్గాప్టెన్ అయితే ఎండ తగిలితే చాలు మచ్చ తెస్తుంది. వాసన ఇష్టమైనవారు సెంటును చొక్కాకు కొట్టుకోవచ్చు. కొత్త లోషన్‌ను ముఖానికి పూసేముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడాలి. అక్కడ దురద పుట్టినా, ఎర్రబడినా ఆ సీసాను అంతటితో పక్కన పెట్టేయాలి.