కల్నల్ సి. కె. నాయుడుగారు: ఆటగాని కీర్తి యెందున్నది?

అమెరికాలోని స్ప్రింగుఫీల్డు పట్టణమున 1891వ సంవత్సరమున జేమ్సు నైస్మితు అను వ్యాయామోపాధ్యాయుడు బాస్కెటుబాలు ఆటను కల్పించెను. ఆ యాటలో ప్రఖ్యాతి గాంచినవారి పేళ్లు నిలుపుటకు నేడు అచ్చటనే యొక కీర్తిమందిరము గలదు. తెలుగువారు తమ క్రీడాకారుల కట్టి మందిరము నిర్మించినచో, క్రికెట్టు ఆటలో మొదటి స్థానము కల్నల్ సి. కె. నాయుడుగారిదే యని మా యభిప్రాయము.

అయితే వారి టెస్టు లెక్కలు చూచిన విద్యార్థి "ఇంతేనా?" అని యడుగవచ్చును. రెండు దేశముల జట్లు పెక్కు దినములు సాగించు పోటీకి టెస్టు అని పేరు. నాయుడుగా రాడినవి 7 టెస్టులు. చేసిన పరుగులు 350. తీసిన వికెట్లు 9. ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వారి జీవితముననే యున్నది.

నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున, తెలుగు కుటుంబమున జన్మించిరి. 1916లో పెద్ద పోటీలలో ప్రవేశించిరి. అప్పటికి భారతదేశమునకు టెస్టు జట్టే లేదు. 1926 డిసెంబరులో ఆర్థరు గిల్లిగను నాయకత్వమున వచ్చిన ఇంగ్లీషు జట్టుపై బొంబాయిలో హిందువుల జట్టు పక్షమున వారు రెండు గంటల లోపుననే 153 పరుగులు చేసిరి. అందు సిక్సర్లు 11. భారతీయులు ఇంగ్లీషువారికి తీసిపోరని గిల్లిగను గ్రహించి, దేశమంతటి కొక సంఘము నేర్పరచుకొనుడని మనవారిని ప్రోత్సహించెను. 1928లో ఆ సంఘ మేర్పడెను.

1932 జూన్ 25వ తేదీన లండనులోని లార్డ్సు మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు నారంభించెను. ఆ యాత్రకు నాయకుడు పోరుబందరు మహారాజు. ఆయన తనకంటె సమర్థుడు ముందు నడుచుట మేలని తొలగగా, నాయుడుగారు నాయకులైరి. చేతికి దెబ్బ తగిలియు మొదటి యిన్నింగ్సులో 40 పరుగులు చేసిరి. మనవారిలో నంతకు మించినవారు లేరు. మనము 158 పరుగులతో ఓడిపోతిమి. కాని నాటి కాయన వయస్సు 36 సంవత్సరములు. యౌవన మంతయు టెస్టులు లేకయే గడచినది. మరి 350 అను నంకె స్వల్పమనుట న్యాయమా?

1936లో నాయకత్వము విజయనగర మహారాజకుమారుని చేతికి పోయెను. ఒకప్పుడు నాయకుడైనవాడు ఇతరుల క్రింద నాడుట సులభము కాదు. నాయుడుగా రాడిరి; తమ కడపటి టెస్టులో బంతి దెబ్బ తినియు 81 పరుగులు చేసిరి. పిమ్మట వారి నాయకత్వమున ఇందూరులోని హోల్కరు జట్టు నాలుగు మారులు రంజీ ట్రోఫీ గెలిచెను.

మన కిందు మిక్కిలి ప్రియమైన విషయ మొకటి కలదు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఆ యేటనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలలో దిగెను. అనుభవము లేని యా జట్టునకు నాయకత్వము వహించినవారు 58 ఏండ్ల నాయుడుగారు. గెలుపు నిశ్చయముగా నున్న జట్టును మాత్రమే వారు కోరుకొనలేదు. 61వ యేట ఉత్తర ప్రదేశపు జట్టు పక్షమునను ఆడిరి.

1956లో వారికి పద్మభూషణ బిరుదము లభించెను. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో స్వర్గస్థులైరి. నేడు యువకుల జట్ల నడుమ జరుగు పోటీకిని, జీవితమంతయు ఆటకు సేవ చేసినవారి కొసగు పురస్కారమునకును వారి పేరే యున్నది.

ఆటస్థలమున గడపిన కాలము వృథాయని తలంచు తలిదండ్రులు పెక్కుమంది మన గ్రామములలో గలరు. వారికి మా మనవి యొకటి: మీ బిడ్డ యెన్ని పరుగులు చేసెనని మాత్రమే యడుగకుడు. దెబ్బ తగిలినపుడు నిలిచెనా? నాయకత్వము పోయినపుడు అలుగక యాడెనా? చిన్నవారికి నేర్పెనా? ఈ మూడింటికిని అవునని చెప్పగల బాలుడు, మందిరమున పేరు చెక్కబడకున్నను, నాయుడుగారి మార్గముననే నడచుచున్నాడని మేము నమ్ముచున్నాము.