సీ.. పైథాన్.. జావా.. ముందుగా ఏది?

శ్రీకాకుళం, విజయనగరం: ఈఏపీసెట్ కౌన్సెలింగులో సీటు ఖరారైన నాటి నుంచి తరగతులు మొదలయ్యే వరకు విద్యార్థుల ఇళ్లలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. కంప్యూటర్ కోర్సులో చేరుతున్న పిల్లలు ముందుగా ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలన్నదే ఆ ప్రశ్న. సీ నేర్చుకోమని సీనియర్లు, పైథాన్ చాలని బంధువులు, జావా తప్పదని శిక్షణ కేంద్రాల కరపత్రాలు చెబుతుంటాయి. ఎటూ తేల్చుకోలేని తల్లిదండ్రులు కొందరు అప్పు చేసి మరీ విశాఖపట్నంలోనో, హైదరాబాద్ అమీర్‌పేటలోనో నాలుగైదు భాషలు కలిపి నేర్పే కోర్సుకు రుసుం చెల్లిస్తుంటారు. నిజానికి తొలి భాషకు అంత ఖర్చు అవసరం లేదు. ఏదో ఒక భాషను ఏడాది పాటు వదలకుండా సాధన చేయడమే ముఖ్యం.

ఊరి దాపులోనే కళాశాలలు

ఒకప్పుడు సాంకేతిక విద్య కోసం ఈ ప్రాంత విద్యార్థులు ఎక్కువగా విశాఖపట్నం వైపు చూసేవారు. 1997లో విజయనగరం సమీపాన ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్ ఐటీ, 2001లో టెక్కలిలో ఐతం కళాశాలలు ఏర్పడ్డాయి. విజయనగరంలో 2007లో ప్రారంభమైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2022లో గురజాడ విశ్వవిద్యాలయంగా మారింది. పదో తరగతి పూర్తయిన వారికి ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది. చదువు దగ్గరకు వచ్చినా, మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చునే గ్రామీణ విద్యార్థి సందేహాలు మాత్రం తీరలేదు.

ఏ భాష ఎందుకు?

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో సీ భాషను రూపొందించారు. లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ల కీలక భాగం నేటికీ ప్రధానంగా ఇందులోనే ఉంది. కంప్యూటర్ మెమరీ ఎలా పనిచేస్తుందో సీ దగ్గరుండి చూపిస్తుంది. అయితే నియమాలు ఎక్కువ. సెమికోలన్ ఒక్కటి మరచినా ప్రోగ్రామ్ నడవదు.

నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్‌లో అదే పనికి తక్కువ వాక్యాలు సరిపోతాయి. గణాంకాల విశ్లేషణ, కృత్రిమ మేధ రంగాల్లో దీని వాడకం ఎక్కువ. సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో తెచ్చిన జావాను బ్యాంకులు, పెద్ద వ్యాపార సంస్థల సాఫ్ట్‌వేర్లలో విరివిగా వాడుతున్నారు. జావాస్క్రిప్ట్ పేరు దీనిని పోలి ఉన్నా అది వేరే భాష. వెబ్ పేజీలను పనిచేయించడానికి అది ఉపయోగపడుతుంది.

జీడిపిక్కల లెక్కతో తేడా

పలాస ప్రాంతంలో జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. బస్తా ధర 15,000 రూపాయలు అనుకుందాం. కిలో ధర తెలియాలంటే 80తో భాగించాలి. పైథాన్‌లో మామూలుగా భాగిస్తే 187.5 వస్తుంది. సీలో రెండు అంకెలనూ పూర్ణాంకాలుగా ప్రకటించి భాగిస్తే 187 మాత్రమే వస్తుంది. మిగిలిన అర్ధ రూపాయిని కంప్యూటర్ వదిలేస్తుంది, తప్పు జరిగిందని హెచ్చరించదు. ఆ కిలో ధరతో వంద బస్తాలకు లెక్క కడితే రైతుకు 4,000 రూపాయలు తక్కువ వస్తాయి.

ఇది సీ భాషలోని లోపం కాదు. ఏ అంకెను ఏ రూపంలో దాచాలో చెప్పవలసిన బాధ్యత రాసేవారిదే. పైథాన్‌తో మొదలుపెట్టినవారు ఫలితాన్ని త్వరగా చూస్తారు. సీతో మొదలుపెట్టినవారికి ఇటువంటి మెలకువలు మొదట్లోనే అలవడతాయి. ఏ దారిలో వెళ్లినా రెండోది తర్వాత నేర్చుకోవచ్చు. షరతు, పునరావృతం, ఫంక్షన్ వంటి మూల భావనలు అన్ని భాషల్లోనూ దాదాపు ఒకటే కాబట్టి రెండో భాషకు మొదటి దానికి పట్టినంత సమయం పట్టదు.

ఎవరికి ఏది?

ఇంజినీరింగులో చేరేవారికి మొదటి ఏడాది పాఠ్యాంశాల్లో సాధారణంగా సీ ఉంటుంది. కనుక దానితోనే మొదలుపెడితే పరీక్షకూ, పునాదికీ పనికొస్తుంది. బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ విద్యార్థులు తమ కళాశాల మొదటి సెమిస్టరులో ఏది బోధిస్తుందో తెలుసుకుని దానినే ఎంచుకోవడం మేలు. ఇతర కోర్సుల్లో ఉండి ఆసక్తితో నేర్చుకునేవారికి పైథాన్ సులువు. పలు సంస్థల నియామక పరీక్షల్లో అభ్యర్థి తనకు వచ్చిన భాషలోనే జవాబు రాసే వీలుంటుంది. అక్కడ పైపైన తెలిసిన నాలుగు భాషల కంటే బాగా వచ్చిన ఒక్కటి అక్కరకొస్తుంది.

పైసా ఖర్చు లేకుండా..

సీ, పైథాన్‌లకు అవసరమైన సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది. ఐఐటీల ఎన్‌పీటెల్ ద్వారా రెండింటిపైనా ఆచార్యుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. ధ్రువపత్రం కావాలనుకుంటేనే పరీక్ష రుసుం చెల్లించాలి. ఐఐటీ బొంబాయి చేపట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో పాఠాలు అందిస్తోంది. ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేనివారు కళాశాల ల్యాబ్‌ను వినియోగించుకోవచ్చు. చిన్న ప్రోగ్రామ్‌లు సెల్‌ఫోన్‌లోనూ రాసి చూడవచ్చు.

తెలుగు మాధ్యమంలో చదివినవారు ఆంగ్లానికి బెదరనవసరం లేదు. పైథాన్‌లో నియమిత పదాలు 40 లోపే. సీలోనూ అవి పరిమితమే. తెరపై వచ్చే తప్పుల సందేశాలను నోటు పుస్తకంలో రాసుకుని అర్థం తెలుసుకుంటే కొద్ది వారాల్లో అలవాటవుతాయి.

అడిగితే కృత్రిమ మేధే ప్రోగ్రామ్ రాసిస్తున్నప్పుడు నేర్చుకోవడం ఎందుకన్న సందేహం కొందరిలో ఉంది. అది రాసిచ్చిన లెక్కలో అర్ధ రూపాయి పోయినా కనిపెట్టాల్సింది మనిషే. అందుకే మొదటి ఏడాది రోజుకు గంట చొప్పున స్వయంగా రాసి, తప్పులు స్వయంగా దిద్దుకోవాలి. రుసుం చెల్లించి శిక్షణలో చేరే ఆలోచన ఉంటే ఒక సెమిస్టరు గడిచాక, ఏ అంశంలో వెనకబడ్డారో తెలిశాక నిర్ణయించుకోవడం మంచిది.