నూటికి పద్నాలుగు, చావుల్లో నలభై

2020 మార్చి ఆఖరులో అమెరికాలోని డెట్రాయిట్ నగరం శివార్లలో, ఎయిట్ మైల్ రోడ్డు పక్కనున్న పాత స్టేట్ ఫెయిర్ గ్రౌండ్స్‌లో కరోనా పరీక్షల కేంద్రం తెరిచారు. తొలి రోజుల్లో అక్కడ పరీక్ష కావాలంటే కారులో కూర్చునే రావాలి. డాక్టరు రాసిచ్చిన చీటీ ఉండాలి, టైము ముందే తీసుకోవాలి. కార్ల పరిశ్రమకు పుట్టినిల్లయిన ఆ ఊళ్లో దాదాపు నాలుగిళ్లలో ఒక ఇంటికి కారు లేదు. చీటీ రాసిచ్చేందుకు తమకంటూ ఒక డాక్టరు లేనివాళ్లు ఇంకెందరో. వాళ్లకు మిగిలింది సిటీ బస్సు. అలాంటి బస్సు నడిపే డ్రైవరొకరు, ఒక ప్రయాణికురాలు నోటికి అడ్డం పెట్టుకోకుండా అదేపనిగా దగ్గిందని, మా ప్రాణాలంటే లెక్కలేదా అని మార్చి 21న వీడియోలో మొరపెట్టుకున్నారు. ఏప్రిల్ 1న ఆయన కరోనాతోనే చనిపోయారు.

ఆ వారంలోనే, డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్ర ఆరోగ్య శాఖ జాతులవారీ లెక్కలు బయటపెట్టింది. రాష్ట్ర జనాభాలో నల్లజాతివారు నూటికి 14 మంది. కరోనా మృతుల్లో మాత్రం నూటికి 40 మంది వాళ్లే.

ప్రభుత్వానికి తలవంపులు తెచ్చే లెక్క ఇది. దాన్ని ప్రభుత్వమే చెప్పింది. నా దృష్టిలో మిషిగన్ చేసిన అసలు పని అక్కడ మొదలైంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ రోజుల్లో సాయంత్రం కాగానే బులెటిన్ కోసం ఎదురుచూసేవాళ్లం. జిల్లాల పేర్లుండేవి, కొత్త కేసులు, మరణాలు ఉండేవి. ఏ కులంవాళ్లు ఎందరు పోయారో, శ్మశానాల్లో, పారిశుద్ధ్య పనుల్లో ఉన్నవాళ్లు ఎందరు పోయారో అందులో ఉండేది కాదు. అడగనూ లేదు మనం.

మిషిగన్ గవర్నర్ గ్రెచెన్ విట్‌మర్ (అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ఏప్రిల్ 20న జాతి వ్యత్యాసాలపై టాస్క్‌ఫోర్స్ వేశారు. దాని బాధ్యత లెఫ్టినెంట్ గవర్నర్ గార్లిన్ గిల్‌క్రిస్ట్‌కు అప్పగించారు. డెట్రాయిట్ మనిషి, ఆ పదవి చేపట్టిన మొదటి నల్లజాతీయుడు. తెలిసినవాళ్లు ఇరవై మందికి పైగా కరోనాతో పోయారని ఆయనే చెప్పుకున్నారు. అప్పటి రాష్ట్ర ముఖ్య వైద్యాధికారి జోనే ఖల్దూన్ కూడా నల్లజాతి మహిళ, అత్యవసర విభాగం డాక్టరు. ఫైలు మీద అంకె కనబడితే దాని వెనకాల ఏ వీధి ఉందో తెలిసినవాళ్లు కుర్చీల్లో ఉన్నారు. పరీక్షలను కారు నుంచి దించి బస్తీలకు తీసుకెళ్లారు. సంచార వాహనాలు వచ్చాయి. చర్చీల్లో, బడుల్లో చీటీ అడగకుండా, డబ్బు తీసుకోకుండా పరీక్షించే కేంద్రాలు తెరుచుకున్నాయి.

అంతకుముందే ఇంకో ఉత్తర్వు వెలువడింది. దాని గురించి ఎక్కువ చెప్పుకోవాలి. సబ్బుతో చేతులు కడుక్కోండి అని ప్రపంచమంతా చెబుతున్న వేళ డెట్రాయిట్‌లో బిల్లు కట్టలేదని కుళాయిలు బంద్ చేసిన ఇళ్లున్నాయి. 2014 నుంచి అక్కడ వేల ఇళ్లకు నీళ్లు ఆపేస్తూ వచ్చారు. ఐక్యరాజ్యసమితి నిపుణులు తప్పుపట్టినా ఆగలేదు. మార్చి 28న విట్‌మర్ సంతకంతో, మనుషులున్న ఏ ఇంటికైనా బకాయి పేరుతో ఆపిన నీళ్లు తిరిగి ఇవ్వాలని రాష్ట్రమంతటా ఆదేశం వెళ్లింది. ఏళ్ల తరబడి కుదరదన్న పని ఒక్క ఉత్తర్వుతో కుదిరింది. మరి అన్నేళ్లూ ఎందుకు కుదరలేదు?

జవాబు ఎయిట్ మైల్ రోడ్డు దగ్గరే ఉంది. దానికి కాస్త దక్షిణాన ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవున ఒక కాంక్రీటు గోడ ఉంది. బర్‌వుడ్ గోడ అంటారు. 1941లో ఓ బిల్డరు కట్టించాడు. పక్కన నల్లవాళ్ల ఇళ్లున్నాయి కాబట్టి ఇక్కడ తెల్లవాళ్ల ఇళ్లకు ప్రభుత్వ పూచీతో రుణాలు రావన్నారు. మధ్యలో గోడ లేవగానే రుణాలు మంజూరయ్యాయి. ఇళ్ల మధ్య పిల్లలు ఎక్కి దూకగలిగే గోడే అది. కానీ దానికి అటు ఆస్తి పెరిగింది, ఇటు అప్పే పుట్టలేదు. ఆస్తి లేనిచోట మంచి బడి రాలేదు, ఆస్పత్రి రాలేదు, చమురు శుద్ధి కర్మాగారం పొగ మాత్రం వచ్చింది. ఉబ్బసం, బీపీ, షుగరు వచ్చాయి. వైరస్ వచ్చేనాటికి రంగం సిద్ధంగా ఉంది.

ఈ కథ మనకు మరీ దూరమైనదేమీ కాదు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ ఎయిట్ మైల్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్లు. 2015లో అమెరికా తెలుగువారి సంఘం తానా మహాసభలు డెట్రాయిట్ కోబో సెంటర్‌లోనే జరిగాయి. అదే హాలు, పేరు మారాక, 2020 ఏప్రిల్‌లో తాత్కాలిక కరోనా ఆస్పత్రి అయింది.

ఆగస్టు 5న విట్‌మర్ జాతి వివక్షను ప్రజారోగ్య సంక్షోభంగా ప్రకటించారు. ఈ మాట మొదట ఆమె అన్నది కాదు. విస్కాన్సిన్‌లోని మిల్వాకీ కౌంటీ 2019లోనే అంది. అయితే మిషిగన్ నోట ఆ మాట రావడానికి వేరే బరువుంది. 2014లో రాష్ట్రం నియమించిన అత్యవసర మేనేజర్ల పాలనలో, ఖర్చు తగ్గుతుందని, నల్లజాతివారే ఎక్కువగా ఉండే ఫ్లింట్ పట్టణానికి నది నీళ్లు మళ్లించారు. తుప్పు పట్టకుండా కలపాల్సిన మందు కలపలేదు. గొట్టాల్లోని సీసం పిల్లల రక్తంలో చేరింది. పిల్లల డాక్టరు మోనా హన్నా-అటీషా ఆ లెక్క చెబితే మొదట అధికారులు కొట్టిపారేశారు. 2017లో రాష్ట్ర పౌరహక్కుల కమిషనే ఇందులో వ్యవస్థీకృత జాతి వివక్ష ఉందని తేల్చింది. ఫ్లింట్ బాధితులకు రాష్ట్రం 60 కోట్ల డాలర్ల పరిష్కారం ప్రకటించింది కూడా 2020 ఆగస్టులోనే.

టాస్క్‌ఫోర్స్ పనికి ఫలితం కనిపించింది. 2020 శరదృతువు నాటికి రాష్ట్ర కరోనా మరణాల్లో నల్లజాతివారి వాటా 10 శాతం చుట్టుపక్కలకు దిగింది. ఆ ఘనతంతా టాస్క్‌ఫోర్స్‌దే అనడం సరికాదు. అప్పటికి వైరస్ తెల్లవాళ్లుండే పల్లెలకూ పాకింది కాబట్టి వాటాలు ఎటూ మారేవే. టీకాలు వచ్చాక డెట్రాయిట్ మళ్లీ వెనకబడింది.

ఆగస్టు ప్రకటనతో పాటే ప్రభుత్వోద్యోగులకు, తర్వాత నియమాలు మార్చి డాక్టర్లకు, నర్సులకు, మనసులో దాగిన పక్షపాతంపై శిక్షణ తప్పనిసరి చేశారు. 2022 జూన్ నుంచి అక్కడ లైసెన్సు పొందాలన్నా, రెన్యువల్ చేయించుకోవాలన్నా ఇది కావాలి. అక్కడ పనిచేసే తెలుగు డాక్టర్లకూ అంతే. మంచిదే. కానీ మనిషి మనసు సరిచేస్తే సరిపోదని అదే రాష్ట్రం నుంచి వచ్చిన ఓ పరిశోధన చూపింది. 2021 మే నెలలో మన ఇళ్లలో వేలికి తగిలించుకుని ప్రాణం ఉగ్గబట్టుకుని చూసిన ఆక్సీమీటరు గుర్తుందా? మిషిగన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు 2020 డిసెంబరులో దాని గుట్టు విప్పారు. తెరమీద 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు, ధమని నుంచి తీసిన రక్తంలో ఆక్సిజన్ నిజానికి 88 కన్నా తక్కువున్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతమైతే, నల్లవారిలో 11.7 శాతం. నల్లటి చర్మం మీద ఆ పరికరం వెలుతురు లెక్క తప్పుతోంది. మన ఛాయ కూడా నల్లనిదే. ఎన్ని వార్డుల్లో ఎందరికి పడక అక్కర్లేదని చెప్పి పంపారో ఎవరు లెక్క తీస్తారు?

ఇక నీళ్ల సంగతి. 2020 అక్టోబరులో మిషిగన్ సుప్రీంకోర్టు, గవర్నర్ ఉత్తర్వులకు ఆధారమైన 1945 నాటి చట్టాన్నే కొట్టేసింది. కుళాయిలు ఆపకూడదని శాసనసభ కొన్ని నెలల పాటు మాత్రం నిషేధం పెట్టింది. తర్వాత డెట్రాయిట్ నగరం సొంతంగా నిషేధం కొనసాగించి, 2022లో పేద కుటుంబాలకు నీటి బిల్లు నెలకు 18 డాలర్ల నుంచి మొదలయ్యే పథకం తెచ్చింది. ఆదాయాన్ని బట్టే నీటి బిల్లు ఉండాలనే రాష్ట్రవ్యాప్త బిల్లులను సభలో పెట్టారు. 2024 సమావేశాలు ముగిసేసరికి అవి చట్టం కాలేదు.