ఏ రాష్ట్రమని ఎవరూ అడగలేదు!

* ఓటు లేకుండానే ఖరారైన సరిహద్దు
* 1956లో రాసిచ్చిన హామీకి దిక్కేది?
* గూళూరు పల్లెల్లో నోటికే మిగిలిన తెలుగు

గూళూరు (బాగేపల్లి తాలూకా): సంతలో బేరం తెలుగులో.. పొలం పహణీ కన్నడలో. బిడ్డకు జోల తెలుగులో.. బడిలో పలక మీద అక్షరం కన్నడలో. చిక్కబళ్లాపుర జిల్లా గూళూరు హోబళిలో ఏ పల్లెకు పోయినా ఇదే తీరు. కొత్తగా వచ్చినోళ్లకు ఇది ఆంధ్రానా, కర్ణాటకనా అన్న అనుమానం రాక తప్పదు. ఇక్కడోళ్లకు మాత్రం ఆ తికమక లేదు. రాష్ట్రం కర్ణాటక, ఇంటి మాట తెలుగు. అంతే!

అయితే ఈ పల్లెలు ఏ రాష్ట్రంలో ఉండాలన్న ప్రశ్న ఒకప్పుడు నిజంగానే లేచింది. కొన్ని దేశాల్లో అలాంటి ప్రశ్న వస్తే జనం ముందు పెట్టి ఓటు అడుగుతారు. ఇక్కడ అడగలేదు. కమిషన్ తేల్చింది, పార్లమెంటు చట్టం చేసింది. ఓటు బదులు ఓ హామీ మాత్రం ఇచ్చారు. ఆ హామీ ఏమిటో ఇప్పుడు చాలామందికి గుర్తు కూడా లేదు.

సగానికి పైగా తెలుగువాళ్లే.. అయినా!

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత పడింది పాత మద్రాసు రాష్ట్రంలోనే. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి తాలూకా ఎటు అన్నదానిపై జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాతో విచారణ జరిపించి మైసూరులో కలిపారు. అప్పటి కోలారు జిల్లా మొదటి నుంచీ మైసూరు సంస్థానానిదే కాబట్టి, గూళూరు ఊసు ఆ పంపకాల్లో రాలేదు.

ఆ ఏడాది చివర్లో కేంద్రం ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్విభజన కమిషన్ వేసింది. హెచ్.ఎన్. కుంజ్రు, కె.ఎం. పణిక్కర్ సభ్యులు. లక్షన్నరకు పైగా వినతిపత్రాలు అందాయి. 9 వేల మందికి పైగా జనంతో మాట్లాడారు. కోలారు జిల్లాలో సగానికి పైగా జనం తెలుగువాళ్లేనని లెక్కల్లో ఉంది. అయినా జిల్లాను కర్ణాటక వైపే ఉంచాలన్నారు. రాష్ట్రం గీయడానికి భాష ఒక్కటే కొలబద్ద కాకూడదన్నది కమిషన్ మాట. 1956 నవంబరు 1న అదే ఖాయమైంది.

ఇక్కడ జరిగింది ఒక్క కోలారు కథే కాదు. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చేది పార్లమెంటు. శాసనసభ అభిప్రాయం అడుగుతారు గానీ దానికి కట్టుబడాల్సిన పనిలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిప్పికొట్టినా, ఆ జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆ విభజన కావాలన్నోళ్లకూ వద్దన్నోళ్లకూ ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు.

ఓటు పెట్టిన చోట్ల ఏమైంది?

మన దేశంలో అలాంటి ఓటు అసలు లేకపోలేదు. 1947 జులైలో అస్సాంలోని సిల్హెట్ జిల్లాను, ఉండాలా పోవాలా అని అడిగారు. గెలిచిన వైపు జిల్లాలో ఎక్కువ భాగం తూర్పు బెంగాల్‌కు పోయింది. కరీంగంజ్ ప్రాంతం మాత్రం సరిహద్దు గీతలో భారత్‌లోనే నిలిచింది. ఒకే మాట, ఒకే జిల్లా.. రెండు దేశాలైంది. 1971 తర్వాత సిల్హెట్ బంగ్లాదేశ్‌లో ఊరు.

గోవాలో 1967 జనవరి 16న మహారాష్ట్రలో కలుస్తారా, వేరుగా ఉంటారా అని అడిగారు. 34 వేల ఓట్ల తేడాతో వేరుగానే ఉంటామన్నారు. ఆ ఒక్క తీర్పు వల్లే 1987లో గోవా సొంత రాష్ట్రం కాగలిగింది.

విదేశాల అనుభవమూ ఇలాగే రెండు రకాలు. కెనడాలోని క్యుబెక్ 1995లో ఒక్క శాతం తేడాతో విడిపోకుండా ఆగింది. దక్షిణ సూడాన్ 2011లో దాదాపు 99 శాతం ఓటుతో దేశమైంది. కానీ రెండున్నరేళ్లు తిరగకుండానే అంతర్యుద్ధంలో పడింది. ఓటు హద్దును తేలుస్తుంది, ఆ హద్దు లోపల బతుకు ఎలా ఉండాలో తేల్చదు. ఓడిన వైపు జనానికి ఏం మిగులుతుందన్నదే అసలు సంగతి.

ఓటు బదులు దక్కిన హామీ

1956లో రాష్ట్రాల హద్దులు మార్చినప్పుడే రాజ్యాంగానికి ఏడో సవరణ చేశారు. అందులో 350ఎ, 350బి అధికరణలు చేరాయి. వేరే భాష రాష్ట్రంలో ఉండిపోయిన పిల్లలకు ప్రాథమిక చదువు తల్లి భాషలో అందేలా చూడాలన్నది మొదటిది. భాషా అల్పసంఖ్యాకుల కోసం కేంద్రంలో ప్రత్యేక అధికారి ఉండాలన్నది రెండోది. బడిలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే టీచరును వేయాలన్న లెక్క అంతకు ముందే 1949లో రాష్ట్రాల విద్యా మంత్రుల సమావేశంలో కుదిరింది. 15 నుంచి 20 శాతం జనం ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలు వాళ్ల భాషలోనూ వేయాలన్నారు.

కన్నడ నేర్చుకోవడం తప్పని ఇక్కడ ఎవరూ అనడం లేదు. తాలూకా ఆఫీసు, నాడకచేరి, కోర్టు, ఉద్యోగం అన్నీ దానితోనే ముడిపడ్డాయి. పాలు, కూరగాయలు, కూలి.. అన్నింటికీ దారి బెంగళూరే. చిక్కంతా మరోచోట ఉంది. రెండు భాషలు మాట్లాడే బిడ్డ ఒక్కటే రాయగలుగుతోంది. కైవారం తాతయ్య పాడిన తెలుగు తత్వాలు భజనలో నోటికి వస్తాయి, తెలుగు అక్షరాల్లో రాసిస్తే చదవలేరు. ఎన్నికలప్పుడు ఏ పార్టీ వాళ్లయినా గడప గడపకూ తెలుగులోనే ఓటడుగుతారు. గెలిచాక ఆ తెలుగు బడి దాకా రాదు.

నీళ్ల దగ్గర తేలిన సంగతి

మాట ఒక్కటైతే ప్రయోజనం ఒక్కటవుతుందా? కాదని పరగోడు చెప్పింది. బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద ఆ ఆనకట్ట పని 2000ల మొదట్లో తలకెత్తుకున్నప్పుడు అనంతపురం వైపు నుంచి గట్టి నిరసనలు వచ్చాయి. కింది చెరువులకు నీళ్లు రావన్నారు. 1892లో మద్రాసు, మైసూరు చేసుకున్న ఒప్పందాన్ని బయటికి తీశారు. గట్టుకు ఈవల తాగునీళ్లు లేని తెలుగు రైతు, ఆవల సాగునీళ్లు లేని తెలుగు రైతు. చుట్టరికాలు ఉన్న ఊళ్లే రెండు పక్షాలయ్యాయి. 1956 గీత అప్పటికే జనం లోపలికి దిగిపోయింది. ఈరోజు ఓటు పెట్టినా, గూళూరు భాషను బట్టే వేస్తుందని అనుకోవడానికి లేదు.

పేరు మారుతుంటే..

2025 జులై 2న నంది కొండల్లో జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి ఒప్పుకుంది. 'పల్లి' తెలుగు మాట. కొందరికి కొత్త పేరు గౌరవం, కొందరికి పాత పేరు జ్ఞాపకం. ఏ పేరు మేలన్నది అటుంచితే, ఇదీ ఊరిలో ఓటు పెట్టి తేల్చింది కాదు.

అడిగే ప్రశ్న ఒకటుంది

గూళూరు జనం చేతికి నేరుగా వచ్చే ప్రశ్న మాత్రం ఒకటుంది. అది జనగణనలో మాతృభాష గడి. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిపే లెక్కలో ఆ గడిలో ఏం రాయించారన్న దాని మీదే 15 శాతం, 20 శాతం లెక్కలు నిలబడతాయి. కన్నడ బడికి పోతున్నాం కదా అని కన్నడ అని చెప్పేస్తే, 350ఎ అడిగే హక్కు కాగితం మీదే కరిగిపోతుంది. తెలుగు అని చెప్పినంత మాత్రాన రాష్ట్రం మారదు, కన్నడ మీద ప్రేమా తగ్గదు. బడికి ఒక తెలుగు టీచరు కావాలని అడగడానికి ఆధారం మాత్రం దొరుకుతుంది.

ఓటుతో తేలిన హద్దులు

* సిల్హెట్ (1947): తూర్పు బెంగాల్‌కు 2,39,619.. అస్సాంకు 1,84,041
* జునాగఢ్ (1948): భారత్‌కు 1,90,779.. పాకిస్థాన్‌కు 91
* గోవా (1967): వేరుగా 1,72,191.. విలీనానికి 1,38,170
* సిక్కిం (1975): భారత్‌లో కలవడానికి 59,637.. వ్యతిరేకంగా 1,496
* కోలారు (1956): ఓటు లేదు