గడ్డ లేదు కదా అని ఊరుకోకండి!

రొమ్ము క్యాన్సర్ అంటే చేతికి తగిలే గడ్డ అనే మనందరం అనుకుంటాం. గడ్డ లేకుండానే వచ్చే రకమూ ఒకటుంది. పేరు ఇన్‌ఫ్లమేటరీ బ్రెస్ట్ క్యాన్సర్. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి నుంచి ఐదు వరకే ఇలాంటివి.

కొద్ది వారాల్లోనే రొమ్ము వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటుంది. చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడుతుంది. చనుమొన లోపలికి పోవచ్చు. చూస్తే చీము పట్టిన వాపులాగే ఉంటుంది. అందుకే మొదట యాంటీబయాటిక్ ఇస్తుంటారు. వారం పది రోజుల్లో తగ్గకపోతే మళ్లీ వెళ్లాలి. మామోగ్రాంలో గడ్డ కనిపించకపోయినా సరే, బయాప్సీ సంగతి అడగాలి.

కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లకు ఈ మాట పైకి చెప్పడమే కష్టం. మేడమ్‌కు తెలిస్తే ఇంటికి పంపేస్తుందేమో, అప్పు తీరలేదే అని లోపలే దిగమింగుకుంటారు. సెలవుకు ఊరెళ్లినప్పుడు చూపించుకుందాంలే అనుకుంటారు. ఈ జబ్బు సెలవు దాకా ఆగదు.

గట్టెక్కేదెవరు?

ఇది బయటపడేసరికే మూడో దశలోనో, నాలుగో దశలోనో ఉంటుంది. అమెరికా లెక్కల ప్రకారం ఊపిరితిత్తులు, కాలేయం వంటి దూరపు అవయవాలకు పాకకముందే దొరికితే సుమారు సగం మంది ఐదేళ్లు దాటుతున్నారు. పాకాక దొరికితే ఐదుగురిలో ఒక్కరే.

దశ తర్వాత చూడాల్సింది క్యాన్సర్ రకం. హెర్‌-2 పాజిటివ్ అయితే ఒకప్పుడు ఆశ తక్కువ. 1998లో ట్రాస్టుజుమాబ్ మందు వచ్చాక పరిస్థితి మెరుగైంది. హార్మోన్ మందులకూ, హెర్‌-2 మందులకూ గురి దొరకని ట్రిపుల్ నెగెటివ్ రకం కాస్త మొండిది. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, ఆపై రేడియేషన్ - ఇదీ వరస. కీమోకే క్యాన్సర్ పూర్తిగా కరిగిపోతే అది మంచి గుర్తు.

ఎక్కడికెళ్లాలి?

సివిల్ ఐడీ పట్టుకుని ముందు మీ ఏరియా క్లినిక్‌కు వెళ్లండి. సబా మెడికల్ ఏరియాలో కువైట్ క్యాన్సర్ కంట్రోల్ సెంటర్ ఉంది. ఇంటికే వెళ్లాల్సి వస్తే బయాప్సీ, స్కాన్ కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి.

అన్నలూ, ఈ పేపర్ చదివేది ఎక్కువగా మీరే. మీ ఇంటావిడకు, అక్కకు, చెల్లికి ఇవాళే ఫోన్ చేసి ఈ గుర్తులు చెప్పండి. సిగ్గుపడి దాచుకునే విషయం కాదిది.